అడవిలోని పంపకము

నల్లమల అంచున ఉన్న పల్లెలలో తెల్లవారగనే పసులకాపరి మందను బీడునకు తోలుకొని పోవును. ఆ మందలో ఆవులు, గేదెలు, గొఱ్ఱెలు, మేకలు అన్నియు ఉండును. ఊరు దాటువరకు అవి ఒకే త్రోవను నడచును. బీడు చేరిన తోడనే మంద తనంతట తానే విడిపోవును. గేదె మడుగును వెదకుకొని పోయి, నీటి అంచున మోటుగా పెరిగిన గడ్డిని మేసి, ఎండ ముదిరిన పిమ్మట నీటిలో పండుకొనును. ఆవు చదునునేలపై గడ్డిని నాలుకతో చుట్టి పెఱికి తినును. గొఱ్ఱె ఆవు మేసి విడిచిన చోటనే తల వంచి, నేలను అంటియున్న పొట్టిగడ్డిని కొఱుకును. మేక గడ్డిని అంతగా లెక్కచేయదు. ముండ్లపొదపైకి ముంగాళ్లు ఎత్తి నిలిచి, ముండ్ల నడుమనున్న ఆకును పెదవులతో ఏరి తినును. కాపరి ఈ పంపకమును వానికి నేర్పలేదు. అతని తాతయు నేర్పలేదు. అయినను ఏ పశువు ఎచ్చట దొరకునో అతనికి తెలియును. సాయంకాలము తప్పిపోయిన మేకను అతడు మడుగులో వెదకడు. గేదెను గుట్టమీద వెదకడు.

కాపరి ప్రతిదినము చూచు ఈ చిన్న విషయములో అడవి యొక్క పెద్ద ధర్మము ఒకటి ఇమిడియున్నది. ఆకును గడ్డిని తిని బ్రతుకు పెద్ద జంతువులు నల్లమలలోను దాని పరిసరములలోను పలుజాతులు కలవు. అన్నిటికిని ఆహారము పచ్చని మొక్కయే. అట్లయినచో బలముగల జాతి తక్కిన జాతులను ఏనాడో తఱిమివేసి, అడవినంతయు తానే ఏలవలసినది. కాని అట్లు జరుగలేదు. వేలకొలది యేండ్లుగా అవి ఒండొంటి ప్రక్కనే నిలిచియున్నవి. అన్నదమ్ములు పొలము పంచుకొన్నప్పుడు నడుమ గట్టు వేయుదురు. ఆ గట్టు జానెడు జరిగినను తగవు పుట్టును. అడవిలో గట్టులు లేవు. తగవు తీర్చు పెద్దమనుషులును లేరు. అయినను అచట పంపకము జరిగియున్నది. అది మూడు విధములు: ఉండుచోటును బట్టి ఒకటి, తినుతిండిని బట్టి ఒకటి, తిరుగువేళను బట్టి ఒకటి.

మొదట చోటును గూర్చి తెలిసికొనవలెను. నంద్యాల జిల్లాలో, నల్లమలకు పడమట, రోళ్లపాడు అను తావున విశాలమైన గడ్డిమైదానము కలదు. 1988లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. అచట చెట్లు అరుదు; కనుచూపు మేర పొట్టిగడ్డియే. ఇది కృష్ణజింకకు పుట్టిల్లు వంటిది. ఆ జింకకు రక్షణ కన్నులలోను కాళ్లలోను ఉన్నది. దూరమున తోడేలు కదలినను అది కనిపెట్టును; వెంటనే గుంపంతయు గంతులిడుచు పరుగెత్తును. పొదలు దట్టముగా ఉన్న చోట దూరపుచూపు పనికిరాదు; పరుగునకు దారి దొరకదు. అందుచేత చెట్టునీడ ఎంత చల్లగా ఉన్నను కృష్ణజింక దట్టమైన అడవిని నమ్మదు. ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్రజంతువు ఇదియే.

మైదానమును వదలి గుట్టలవైపు నడచినచో నేల రాతిమయమగును; తుమ్మయు రేగుపొదలును కనబడును. ఇట్టి మెట్టనేలలు చింకారా అను చిన్నజింకకు ఇష్టమైనవి. ఆకులలోని తేమతోడను, వేకువను వానిపై నిలిచిన మంచుతోడను తృప్తిపడి, అది చాలదినములు నీరు త్రాగకయే గడుపగలదు. పలుచని పొదల నడుమ, పొలములకు చేరువగా, మనుబోతు తిరుగుచుండును. దుప్పి కొమ్ములవలె ఏటేట రాలి మరల మొలచునవి గాక, మొలచినది మొదలు నిలిచియుండు కొమ్ములు గల జింకలలో, ఆసియా ఖండమున ఇదియే అన్నిటికంటె పెద్దది. ఇది గడ్డిని మేయును. మెడ చాచి కొమ్మల ఆకునుగూడ అందుకొనును.

అడవి మొదలగు చోట గడ్డియు, చెట్టునీడయు, నీరును చేరువచేరువగా ఉండును. అది చుక్కల దుప్పికి ఉనికిపట్టు. తెలంగాణ రాష్ట్రజంతువు ఇది. ఉదయమున గుంపుగా వచ్చి పచ్చికను మేయును. ఎండవేళకు నీడను చేరును. చెట్లపై కొండముచ్చులు లేతాకులను, పండ్లను సగము తిని సగము జారవిడుచును. క్రింద దుప్పులు వానిని ఏరుకొని తినును. చెట్టుపైనుండి కొండముచ్చు పులిని ముందుగా చూచినచో కేకవేయును. క్రిందనుండి దుప్పి ముందుగా పసిగట్టినచో అదియు కూయును. ఒకే చెట్టును ఆశ్రయించిన ఆ రెండు జాతుల నడుమ తగవు లేకపోవుటయే గాక, మైత్రియు ఏర్పడినది.

ఇంకను లోపలికి పోయి, ఎండు టాకుల కొండవాలున చూచినచో కొండగొఱ్ఱె కనబడవచ్చును. పేరు గొఱ్ఱెయైనను ఇదియు జింకజాతిదే. మగదానికి ముందు రెండు, వెనుక రెండు, మొత్తము నాలుగు కొమ్ములుండును. దీని బరువు ఇంచుమించు ఇరువది కిలోలు. అనగా చింకారాతో సమానము. అయినను ఈ రెండును ఒకచోట తారసిల్లుట అరుదు. చింకారా నీరు లేకయే చాలదినములు ఓర్చుకొనును. కొండగొఱ్ఱె తఱచుగా నీరు త్రాగవలెను. కనుక అది కొండవాగును విడిచి దూరము పోదు. ఒకే పరిమాణముగల రెండు జంతువులను వేఱుచేయుటకు అడవికి గోడ అక్కఱలేకపోయెను, దప్పిక చాలినది.

కొండ లోతట్టున, చెట్లు దట్టముగా ఉన్న చోట, కణుజు నివసించును. కొన్ని తావులలో దీనిని కడితి యందురు. మగ కణుజు రెండువందల కిలోలకు మించియు బరువుండును. ఇది గడ్డిని, ఆకును, లేతరెమ్మలను, అవసరమైనచో చెట్టుబెరడును తిని జీవింపగలదు. ఆ కణుజు కాళ్ల నడుమనుండి పరుగెత్తిపోవునంత చిన్నదగు మూషికజింకయు ఆ అడవిలోనే కలదు. దాని బరువు సుమారు మూడు కిలోలు. పగలు పొదలలోను రాళ్లసందులలోను దాగియుండి, రాత్రివేళ బయటికి వచ్చి రాలిన పండ్లను ఏరుకొని తినును.

ఇంత పెద్ద కణుజునకును అంత చిన్న మూషికజింకకును ఒకే అడవిలో తిండి ఎట్లు దొరకుచున్నది? ఇచ్చట రెండవ విధమైన పంపకము కనబడును. జంతువు శరీరము ఎంత చిన్నదైన, దాని ప్రతి కిలో బరువునకును అంత ఎక్కువ ఆహారశక్తి కావలసియుండును. ఒక కణుజు అరువదికి మించిన మూషికజింకల బరువు తూగును. కాని ఆ జింకలన్నిటికిని కావలసిన ఆహారశక్తిలో సగము లభించినను అది హాయిగా బ్రతుకును. చిన్నజంతువు కడుపు చిన్నది, ఆకలి తీవ్రమైనది. కనుక అది సారముగల తిండినే ఏరుకొనవలెను. పండు, మొగ్గ, చిగురు దానికి తగినవి. పెద్దజంతువు కడుపు పెద్ద గాదె వంటిది. మోటుగడ్డిని ఎక్కువగా నింపుకొని, నెమ్మదిగా నెమరువేసి, చాలసేపు కడుపులో నిలిపి, అందలి సారమును పిండుకొనగలదు.

ఈ భేదమునుండి మఱియొక విశేషము పుట్టినది. చిగురును పండును అడవిలో అక్కడక్కడ కొంచెముగా దొరకును. గుంపుగా పోయినచో మొదటి దానికే సరిపడును, తక్కినవానికి మిగులదు. గడ్డి అట్లు కాదు. పఱచిన చాపవలె అందఱకును అందును. అందుచేతనే మూషికజింకయు కొండగొఱ్ఱెయు ఒంటరిగానో జంటగానో తిరుగును; గడ్డిపై ఆధారపడు కృష్ణజింకయు చుక్కల దుప్పియు మందలుగా తిరుగును. ఆఫ్రికా ఖండపు జింకలను పరిశీలించి పీటర్ జార్మన్ అను శాస్త్రజ్ఞుడు 1974లో ఇట్టి సంబంధమును వివరించెను. తిండియే జంతువుల కాపురమును తీర్చిదిద్దునని దీనివలన తెలియుచున్నది.

మూడవది వేళను బట్టిన పంపకము. కృష్ణజింక పగలు మేయును. దుప్పి ఉదయ సాయంకాలములందు మేయును. కణుజు చీకటి పడిన పిమ్మట కొండ దిగి, తెల్లవారులోపల మరల పొదలను చేరును. నీరు త్రాగు మడుగు ఒక్కటియే యైనను, వచ్చు గడియలు వేఱగుటచే రద్దీ తగ్గును.

అయితే ఈ పంపకము సంవత్సరమంతయు ఒకే తీరుగా ఉండదు. ఇప్పపూవు రాలు దినములలో దుప్పియు ఎలుగుబంటియు ఒకే చెట్టు క్రిందికి వచ్చును. తొలకరి వానలకు మొలచిన లేతగడ్డిని అన్ని జాతులును ఆశించును. సమృద్ధి ఉన్నప్పుడు ఒకే విస్తరిలో ఇద్దఱు తినినను తగవు రాదు. వేసవి వచ్చి గడ్డి ఎండి, వాగు ఇంకిన పిమ్మట అసలు భేదము బయటపడును. అప్పుడు చెదపుట్టను త్రవ్వుకొనుట ఎలుగునకు తెలిసిన విద్య. రాలిన ఆకులతోను కాయలతోను కాలము గడుపుట దుప్పికి తెలిసిన విద్య. కరవునాడు చేతనైన పనియే ఏ జాతికైనను నిజమైన ఆస్తి.

మాంసాహారులలోను ఇదే ధర్మము నడచుచున్నది. కర్ణాటకములోని నాగరహొళె అడవిలో పులి, చిరుత, రేచుకుక్క మూడును కలిసియున్నవి. ఉల్లాస్ కారంత్, మెల్విన్ సన్‌క్విస్ట్ అను శాస్త్రజ్ఞులు అవి చంపిన జంతువులను, వాని పెంటికలలో మిగిలిన వెండ్రుకలను పరిశీలించి, 1995లో తమ ఫలితములను ప్రకటించిరి. పులి చంపు జంతువు సగటు బరువు సుమారు 92 కిలోలు. రేచుకుక్కలది 43 కిలోలు. చిరుతది 38 కిలోలు. పులి అడవిదున్నను, కణుజును పడగొట్టుచుండగా, తక్కిన రెండును అంతకంటె చిన్నవానితో తృప్తిపడుచున్నవి. రేచుకుక్కలు పగటివేళ గుంపుకట్టి తఱిమి వేటాడును. చిరుత ఒంటరిగా పొంచియుండి దూకును. ఆ అడవిలో చిన్నవి, పెద్దవి అన్ని పరిమాణముల జంతువులును సమృద్ధిగా ఉండుటచేతనే ఈ మూటికిని చోటు దొరకినది. పెద్ద జంతువులు నశించినచో పులి చిన్నవానిపై పడును. అప్పుడు చిరుత వాటా తఱుగును.

పంపకము చెడినచో ఏమగునో చెప్పుటకు మధ్యప్రదేశ్‌లోని కాన్హా అడవి కథ తగినది. మండ్లా, బాలాఘాట్ జిల్లాలలో గుగ్గిలపు చెట్ల అడవుల నడుమ అచట గొప్ప పచ్చికబయళ్లు కలవు. ఆ బయళ్లలో బారాసింగా అను పెద్దజింక నివసించును. కొమ్ములకు పండ్రెండు వఱకు కొనలుండుటచే దానికి ఆ పేరు వచ్చినది. ఈ జాతి తక్కిన చోట్ల చిత్తడినేలలలో బ్రతుకును. కాన్హాలోనిది మాత్రము గట్టినేలకు అలవాటుపడినది. దాని ఆహారము దాదాపుగా గడ్డి ఒక్కటియే. పిల్లను ఈనినప్పుడు దానిని దాచుటకును ఎత్తైన గడ్డియే కావలెను.

1938 ప్రాంతమున ఆ అడవిలో సుమారు 3,000 బారాసింగాలు ఉండెను. 1970 నాటికి అవి 66 మాత్రమే మిగిలినవి. వేట ఒక కారణము. గడ్డిబయళ్లు ఏటేట తగులబడుట మఱియొకటి. పశువుల మందలు మేసిమేసి గడ్డిని పొట్టిచేయుట వేఱొకటి. అదే బయలులో చుక్కల దుప్పులును మేయుచుండెను. గడ్డి తఱిగినప్పుడు అవి అడవిలోనికి పోయి ఆకును కాయను తిని నిలిచినవి. బారాసింగాకు ఆ విద్య తెలియదు. పచ్చని ఆకులు తల మీద వ్రేలాడుచుండగనే దానికి కరవు వచ్చినది. 1963 మొదలు 1965 వఱకు కాన్హాలో ఉండి జింకలను పులులను పరిశీలించిన జార్జి షాలర్ అను శాస్త్రజ్ఞుడు ఏ జంతువు ఏమి తినుచున్నదో శ్రద్ధగా వ్రాసిపెట్టెను. అట్టి పరిశీలనలవలన, బారాసింగాను కాపాడుటకు తుపాకిని ఆపుట ఒక్కటియే చాలదనియు, దాని గడ్డిని దానికి తిరిగి ఈయవలెననియు స్పష్టమైనది.

పిమ్మట బయళ్లను కాపాడిరి. క్రూరమృగములు చొరకుండ కొంతమేర కంచెవేసి, అందు బారాసింగాలను పెంచిరి. అడవిలోపలి పల్లెలను వెలుపలికి తరలించిరి. విడిచిపోయిన పల్లెల నేలలోనే క్రొత్త గడ్డి ఎత్తుగా పెరిగినది. ఆ పల్లెలలో గోండులు, బైగాలు తరతరములుగా నివసించియుండిరి. వారు ఇల్లు, పొలము విడిచిపోవలసివచ్చుట చిన్న కష్టము కాదు. బారాసింగాల సంఖ్య నేడు వేయి దాటినదని సంతోషించువారు ఆ మూల్యమును చెల్లించినది ఎవరో మఱువరాదు. 2015లో కొన్నిటిని సాత్పురా అడవికి, 2023లో కొన్నిటిని బాంధవ్‌గఢ్‌నకు తరలించి, అచటను వాని సంతతిని నెలకొల్పుటకు ప్రయత్నము జరిగినది.

కాన్హా దూరమైనను, అది తెలుపు పాఠము రోళ్లపాడు దగ్గఱనే అక్కఱకు వచ్చుచున్నది. నంద్యాల, కర్నూలు జిల్లాలలోను, తెలంగాణలోని నారాయణపేట ప్రాంతమునను కృష్ణజింకల మందలు పొలములలో దిగి లేతపైరును మేయుచున్నవి. అప్పు చేసి విత్తిన రైతు తెల్లవారి చూచుసరికి మొలకలు ఉండవు. అతని దుఃఖము నిజమైనది. నల్లమల వంటి అడవి అంత చేరువలోనుండగా ఈ జింకలు అచటికి పోక తన చేనిమీద పడుటేల అని అతడు అడుగును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానమును ఆ జింక కన్నులును, కాళ్లును చెప్పుచున్నవి. అడవి దానికి ఇల్లు కాదు. దట్టమైన చెట్ల నడుమ అది దూరము చూడలేదు, పరుగెత్తలేదు. దానికి వచ్చిన వాటా చెట్లు లేని బయలు. ఆ బయలును బంజరని పేరుపెట్టి మనుష్యులు కొంచెము కొంచెముగా దున్నిరి. గడ్డి ఉన్న చోట పైరు మొలచినది. జింక మాత్రము తాతలనాటి చోటనే మేయుచున్నది.

కాబట్టి అడవిని కాపాడుట యనగా చెట్లను మాత్రమే కాపాడుట కాదు. చెట్లు లేని బయలును, ముండ్ల మెట్టను, కొండవాగును, ఎత్తైన గడ్డిని, రాలిన ఆకులను గూడ కాపాడుట. వానిలో ఏ ఒక్కటి పోయినను, దానినే నమ్ముకొన్న జాతి ప్రక్కింటికి పోయి తలదాచుకొనలేదు. రైతు చేనును జింక బ్రతుకును రెండును నిలువవలెనన్నచో, మిగిలిన గడ్డిబయలును దున్నక విడుచుటయు, నష్టపడిన రైతునకు తగిన పరిహారము సకాలమున ఇచ్చుటయు అవసరము.

ప్రొద్దు వాలిన పిమ్మట పసులకాపరి మందను కూర్చుకొనును. మడుగునుండి గేదె లేచి వచ్చును. గుట్టమీదినుండి మేక దిగి వచ్చును. చదునునేలనుండి ఆవు, దాని వెనుక గొఱ్ఱె వచ్చును. అన్నిటికిని కడుపు నిండియుండును. ఆ బీడులో మడుగు పూడిపోయినను, గుట్టను తవ్వివేసినను, చదును కంచెలోపల చేరినను, మఱునాడు ఆ మందను ఎటు తోలవలెనో అతనికి తెలియదు.